సముద్రంలో చేపల్ని లెక్కపెట్టేదెలా?

శ్రోతలకు నమస్కారం.

తెల్లవారుజామున విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో వేలం పాటల హోరు మధ్య, చేపలు కొనకుండా కొలుస్తూ కూర్చున్న మనుషులు ఒక్కోసారి కనిపిస్తారు. స్కేలు బిగించిన పలక మీద వంజరాన్ని పడుకోబెట్టి, మూతి నుంచి తోక చీలిక దాకా ఎన్ని సెంటీమీటర్లో రాసుకుంటారు. సముద్రంలో చేపలు పెరుగుతున్నాయా, తరుగుతున్నాయా అన్న లెక్క ఆ పలక దగ్గరే మొదలవుతుంది.

చెరువులో అయితే పని సులువు. వంద చేపల్ని పట్టి, రెక్క అంచు కాస్త కత్తిరించి వదిలేస్తారు. నాలుగు రోజులాగి మళ్లీ వంద పడతారు. వాటిలో గుర్తున్నవి ఇరవై ఉంటే చెరువులో దాదాపు 500 ఉన్నట్టు. ఈలోగా చావులు, పుట్టుకలు, రాకపోకలు పెద్దగా ఉండకూడదు, అంతే.

బంగాళాఖాతానికి గట్లు లేవు కదా! అందుకే పొడవులు కొలుస్తారు. చలి దేశాల చేపలకు చెవిలోని చిన్న ఎముకలో, చెట్టు మానులో లాగే, ఏడాదికో వలయం పడుతుంది. మన వెచ్చటి నీళ్లలో అవి అంత తేటగా కనబడవు. నెలనెలా వేల పొడవులు రాస్తే మాత్రం, ఒకే ఈడు పిల్లల గుంపు ఎలా ఎదుగుతోందో, పెద్దవయ్యేసరికి ఎన్ని మిగులుతున్నాయో కాగితం మీద తెలిసిపోతుంది.

"చేపలు బాగానే పడుతున్నాయిగా, టెన్షన్ ఎందుకు?" అంటారు కొందరు. కెనడాలోని న్యూఫౌండ్‌లాండ్ తీరంలో కాడ్ చేపల విషయంలో అలాగే మోసపోయారు. మిగిలిన చేపలు ఒకచోట గుమిగూడేవి, బోట్లు నేరుగా అక్కడికే వెళ్లేవి. చివరికి 1992లో వేటే ఆపేయాల్సి వచ్చింది. ఎన్ని టన్నులు దొరికాయన్నది ఒక్కటే చూస్తే చాలదు. ఎంత దూరం వెళ్తే, ఎన్ని గంటలు వల లాగితే దొరికాయో కూడా అడగాలి.

అలాగని వేటే తప్పని కాదు. 1838లో బెల్జియం గణితవేత్త వెర్హుల్స్ట్ రాసిన సూత్రం ప్రకారం, తిండికీ చోటుకీ సరిపోయే సంఖ్యలో సగం ఉన్నప్పుడే జీవుల సంతతి అన్నిటికన్నా జోరుగా పెరుగుతుంది. అంతకన్నా బాగా తగ్గిపోతే, పిల్లల్ని పెట్టే తల్లులే కరువవుతాయి.

మన తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, మరబోట్ల వేట నిషేధం ఆ తల్లుల కోసమే. ఆ రెండు నెలలు మత్స్యకారుల ఇళ్లలో పొయ్యి వెలగడమే కష్టం. ఆ కష్టానికి ఫలితం దక్కిందా అన్నది బోట్లు తిరిగొచ్చాక పలక దగ్గరే చూడాలి. పొడవు కొలిచాక కొన్ని చేపల పొట్ట కోసి, గుడ్లు పట్టే ఈడు వచ్చిందో లేదో కూడా రాసుకుంటారు. ఒక్కసారైనా గుడ్లు పెట్టకుండానే వలకు చిక్కినవి ఎన్ని? నేనైతే ఆ పుస్తకంలో ముందు చూసేది ఆ అంకెనే.