శిక్షణ తరగతిలో మొదటి పావుగంట: సరిహద్దు జిల్లాల శిక్షకులకు

[తెరపై: పంచాయతీ హాలు. నేల మీద పరిచిన చాపలు, గోడవారన నిలబడి ఉన్న మహిళలు, ముందు ఒక బల్ల, రెండు కుర్చీలు.]

వ్యాఖ్యానం:
నమస్కారం. ఒడిశాలోని గజపతి జిల్లాలో, పర్లాకిమిడి చుట్టుపక్కల ఉన్న కాశీనగర్, గోసాని, గుమ్మ బ్లాకుల నుంచి స్వయం సహాయక సంఘాల సభ్యులను ఒకచోట చేర్చి పద్దుపుస్తకాల మీద శిక్షణ ఇవ్వవలసి వస్తే, మీ ముందు కూర్చునే ఇరవై మందిలో కొందరు ఇంట్లో తెలుగు, కొందరు ఒడియా, కొందరు కొండప్రాంతపు గిరిజన భాష అయిన సవర మాట్లాడేవారై ఉంటారు. సంతలో బేరమాడేటప్పుడు వీరికి భాష ఎన్నడూ అడ్డు రాదు. కానీ హాలులో బల్ల వెనక నుంచి ఎవరో "ఒక్కొక్కరూ లేచి పేరు, ఊరు, సంఘం పేరు చెప్పండి" అనగానే, ఆ కలివిడితనమంతా సన్నగిల్లి, తెలుగువారు తెలుగువారి పక్కన, సవరలు సవరల పక్కన సర్దుకుని కూర్చుంటారు. మూడో మనిషి పేరు చెప్పేసరికి మొదటి మనిషి పేరు ఎవరికీ గుర్తుండదు.

ఈ బిగువును సడలించడానికి శిక్షకులు తరగతి మొదట్లో చేయించే చిన్న పనులనే ఐస్‌బ్రేకర్లు అంటున్నాము. వాటిని ఎలా ఎంచుకోవాలి, ఏవి ఇక్కడ పనికివస్తాయి, ఏవి పనికిరావు అన్నది ఈ వీడియోలో చూద్దాము.

[తెరపై: 1965 – ఏర్పడటం, ఘర్షణ, సర్దుబాటు, పని]

అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త బ్రూస్ టక్‌మన్ చిన్న బృందాల మీద అప్పటివరకు వెలువడిన అధ్యయనాలను పరిశీలించి, ప్రతి బృందమూ నాలుగు దశల గుండా నడుస్తుందని 1965లో ప్రతిపాదించారు. మనకు ఇక్కడ కావలసినది మొదటి దశ ఒక్కటే. ఆ దశలో మనుషులు పాఠం వినడం కంటే ముందు, ఇక్కడ ఎంతవరకు మాట్లాడవచ్చు, ఎవరి మాట చెల్లుతుంది, తప్పు చెబితే ఎవరైనా నవ్వుతారా అన్న సంగతులను నిశ్శబ్దంగా తేల్చుకుంటూ ఉంటారు. శిక్షకుడు కల్పించుకోకపోతే ఈ ప్రశ్నలకు జవాబు గదిలో ఉన్న పెద్దరికమే చెబుతుంది: సంఘం అధ్యక్షురాలు మాట్లాడుతుంది, తక్కినవారు తల ఊపుతారు. ఆటలో నవ్వు పుడితే సంతోషమే గాని, దానికోసం పావుగంట ఖర్చు చేయనక్కరలేదు. ప్రతి మనిషీ తడబాటు లేకుండా చేయగలిగిన పనిని పదిమంది ముందు ఒక్కసారైనా చేసి ఉండాలి. ఎవరు ఎక్కడ ఆగిపోతున్నారో శిక్షకుడికి తెలిసి ఉండాలి. ఈ రెండూ జరిగితే చాలు.

గిడుగు రామమూర్తి ఉపాధ్యాయుడిగా పనిచేస్తూ సవర భాష నేర్చుకుని, సవర పిల్లలకు వారి భాషలోనే చదువు చెప్పించడానికి పూనుకున్న ఊరు పర్లాకిమిడి. అటువంటి చోట తరగతిని "ఇక్కడ తెలుగు రానివారు ఎవరు?" అన్న ప్రశ్నతో మొదలుపెట్టడం నా దృష్టిలో అన్నిటికంటే చెడ్డ ప్రారంభం. లేనిదాని పేరు చెప్పి చెయ్యి ఎత్తించిన మనిషి సాయంత్రం దాకా ఆ చెయ్యి మళ్ళీ ఎత్తదు.

[తెరపై: ఒక స్త్రీ ముగ్గుపిండితో నేల మీద రెండు గీతలు గీస్తుంది. పక్కన పట్టాల గుర్తు వేస్తుంది.]

భాష అవసరం లేని పనితో మొదలుపెట్టండి. చాపలు పక్కకు తీసి, ముగ్గుపిండితో నేల మీద వంశధారను, దానిలో వచ్చి కలిసే మహేంద్రతనయను గీయండి. నౌపడ నుంచి పాతపట్నం, పర్లాకిమిడి, కాశీనగర్ మీదుగా గుణుపురం వెళ్ళే రైలు పట్టాలను కూడా గీసి, ఎవరి ఊరు ఎక్కడ ఉంటుందో చూసుకుని అక్కడ నిలబడమనండి. దీనికి చదువు అక్కరలేదు. మాట కూడా తప్పనిసరి కాదు. అయినా అయిదు నిమిషాలలో మాటలు వాటంతట అవే మొదలవుతాయి, ఎందుకంటే నది వంపు తప్పుగా గీశారని ఎవరో ఒకరు తప్పకుండా అంటారు. ఆ మాట వినిపించగానే ముగ్గుపిండి ఆమె చేతికే ఇవ్వండి. ఆ క్షణం నుంచి ఆ పటం శిక్షకుడిది కాదు, వారిది.

ఈలోగా మీరు చూడవలసినవి చాలా ఉన్నాయి. కొండ మీది గ్రామాల నుంచి ఒంటరిగా వచ్చినవారెవరు, సాయంత్రం బస్సు కోసం ముందుగా బయలుదేరవలసినవారెవరు, ఒక భాష నుంచి మరో భాషలోకి ఇతరులకు మాట అందిస్తున్నవారెవరు అన్నవన్నీ ఆ నేల మీదనే కనబడతాయి. ఆలస్యంగా వచ్చిన మనిషి కూడా తన ఊరి చోట నిలబడి నేరుగా ఆటలో కలిసిపోగలదు. రైళ్ళు, బస్సుల మీద ఆధారపడి వచ్చేవారితో తరగతి నడిపే శిక్షకుడికి ఇది చిన్న సదుపాయం కాదు.

తరువాత పటం మీద దూరంగా ఉన్న ఇద్దరిద్దరిని జత చేసి, మూడు నిమిషాలు మాట్లాడుకున్నాక ఒకరిని ఒకరు అందరికీ పరిచయం చేయమనవచ్చు. తన గురించి తాను చెప్పుకోవడానికి సిగ్గుపడేవారు కూడా ఎదుటి మనిషి గురించి ధారాళంగా చెబుతారు. జతలో కనీసం ఒకరికైనా రెండు భాషలు వచ్చి ఉండేలా చూసుకోవాలి.

[తెరపై: అడగకూడని ప్రశ్నలు]

అయితే ఆ మూడు నిమిషాలలో ఏమి అడగాలో మీరే నిర్ణయించి ఇవ్వాలి. ఇంటిపేరు అడగవద్దు, తెలుగువారికైనా ఒడియావారికైనా ఇంటిపేరుతో పాటు కులం బయటపడుతుంది, అది బయటపడ్డాక కూర్చునే వరుస కూడా మారిపోవచ్చు. భర్త పేరు పలకడానికి పెద్ద వయసు స్త్రీలు చాలామంది ఇష్టపడరు. పిల్లలెందరన్న ప్రశ్న లేనివారిని నొప్పిస్తుంది. పుట్టినరోజుల వరుసలో నిలబడమనే ఆట పట్టణపు ఆఫీసులలో బాగానే నడుస్తుంది గాని, పుట్టిన తేదీ కాగితం మీద తప్ప మరెక్కడా లేనివారికి అది పరీక్షలా ఉంటుంది. గాజులు, బొట్టు ఆధారంగా గుంపులు చేసే ఆటలు ఎవరిని పక్కకు నెడతాయో చెప్పనవసరం లేదు. వీటికి బదులు, ఏ సంతకు వెళతారు, ఇంట్లో ఏ కూర బాగా వండుతారు వంటి ప్రశ్నలు నిరపాయకరమైనవి. రెండు నిజాలు, ఒక అబద్ధం చెప్పించే ప్రసిద్ధమైన ఆటను నేను ఇక్కడ సిఫారసు చేయను. పరాయి భాషలో చమత్కారంగా అబద్ధమాడటం ఎవరికైనా కష్టమే, పైగా సొంత ఊరివారి ముందు అబద్ధం చెప్పిన పేరు ఆటతో పోదు.

[తెరపై: దోసిట్లో చింతపిక్కలు. ఒక్కొక్కరికీ పది చొప్పున పంచుతున్న చేతులు.]

ఇక పాఠంలోకి దారి తీసే ఆట. ఒడిశాలో స్వయం సహాయక సంఘాల కార్యక్రమమైన మిషన్ శక్తి 2001లో మొదలైంది. జాతీయ గ్రామీణ జీవనోపాధుల మిషన్ 2011లో వచ్చింది. ఈ జాతీయ మిషన్ సంఘాలకు నిర్దేశించిన పంచసూత్రాలు క్రమం తప్పని సమావేశాలు, క్రమం తప్పని పొదుపు, అంతర్గత అప్పులు, సకాలంలో తిరిగి చెల్లింపు, ఎప్పటికప్పుడు రాసిన పద్దులు. మొదటి నాలుగింటినీ సభ్యులు అనుభవంతో ఒప్పుకుంటారు. అయిదోదాని దగ్గరికి వచ్చేసరికి, అంతా గుర్తుంటుంది కదా, రాయడమెందుకన్న మాట వస్తుంది. దానికి మీరు జవాబు చెప్పకండి, చింతపిక్కలు చెబుతాయి.

ఇరవై మందికి తలా పది పిక్కలు ఇస్తే మొత్తం రెండు వందలు. అయిదు నిమిషాల పాటు గదిలో తిరుగుతూ, ఎవరికి ఇష్టమైనన్ని పిక్కలు వారు అప్పు ఇవ్వవచ్చు, తీసుకోవచ్చు. కాగితం, కలం ఉండవు. సమయం అయ్యాక అందరినీ కూర్చోబెట్టి, ఎన్ని అప్పు ఇచ్చారో ప్రతి ఒక్కరినీ అడిగి బోర్డు మీద కూడండి. ఆ పక్కనే ఎన్ని తీసుకున్నారో అడిగి కూడండి. ఈ రెండు మొత్తాలు సమానం కావాలి, ఎందుకంటే ఒకరు ఇచ్చినదే మరొకరు తీసుకున్నది.

[తెరపై: ఇచ్చినవి 64 | తీసుకున్నవి 53]

ఉదాహరణకు, ఇచ్చినవి 64, తీసుకున్నవి 53 అని తేలిందనుకుందాము. పిక్కలన్నీ పోగు చేసి లెక్కపెడితే రెండు వందలూ ఉంటాయి. ఒక్కటీ పోలేదు, పదకొండు పిక్కల అప్పుకు మాత్రం బాకీదారు లేరు! ఈలోపు గదిలో "అప్పా, నా దగ్గర మూడు పట్టుకెళ్ళావు కదా?", "రెండేనమ్మా, సరిగ్గా చూసుకో" వంటి మాటలు వినిపిస్తూనే ఉంటాయి. వాటిని ఆపవద్దు. కాని ఈ ఆటను ఎన్నడూ నిజమైన రూపాయలతో ఆడించవద్దు, సంఘంలో నిజంగా నలుగుతున్న బాకీల ప్రస్తావన వస్తే మర్యాదగా దాటవేయండి.

ఆట ముగియగానే రెండు ప్రశ్నలు అడగాలి: ఇప్పుడేమి జరిగింది, మన సంఘంలో ఇలా ఎప్పుడు జరుగుతుంది? జవాబులు ఏ భాషలో వచ్చినా రానివ్వండి. చాలామంది శిక్షకులు ఆట బాగా ఆడించి, ఈ ప్రశ్నలు వదిలేసి, చప్పట్లు కొట్టించి పాఠం తెరుస్తారు. అప్పుడు అది ఆటగానే మిగిలిపోతుంది.

[తెరపై: కుర్చీలో కూర్చున్న అధికారి లేచి, చాప మీద కూర్చుంటారు.]

బ్లాకు ఆఫీసు నుంచి వచ్చిన అధికారి కుర్చీలో కూర్చుని చూస్తూ ఉంటే పైన చెప్పినదేదీ సరిగా సాగదు. ఆయనకు కూడా పది పిక్కలు ఇచ్చి చాప మీదకు పిలవండి, వీలుకాదంటే అరగంట తరువాత రమ్మని ముందుగానే మనవి చేయండి. మోకాళ్ళ నొప్పులున్నవారు, గర్భిణులు కూర్చున్నచోటి నుంచే ఆడవచ్చు. ఎవరైనా నాకు వద్దంటే అంతటితో ఊరుకోవాలి, కారణం అడగకూడదు. పటం, పిక్కలు రెండూ ఒకే ఉదయం చేయించాలంటే అరగంట పడుతుంది. ఒకపూట శిక్షణ అయితే పిక్కల ఆట ఒక్కటి చాలు.

శిక్షణ రెండు రోజులైతే, రెండో ఉదయం కొత్త ఆట వెతకవలసిన పని లేదు. నిన్నటి బోర్డు మీది రెండు మొత్తాలను మళ్ళీ రాసి, ఆ పదకొండు పిక్కలను పద్దుపుస్తకంలో ఏ పేజీలో, ఏ గడిలో రాసి ఉంటే దొరికేవో జతలవారీగా వెతకమనండి.