ఫంక్షన్‌కు వెళ్లేది కాపీ మాత్రమే

అందరికీ నమస్కారం.

సి భాషలో విలువను తెరమీద చూపించే ప్రింట్‌ఎఫ్‌లో వేరియబుల్ పేరు రాస్తే సరిపోతుంది. కీబోర్డ్ నుంచి విలువ చదివే స్కాన్‌ఎఫ్‌లో మాత్రం దాని ముందు & పెట్టాలి. మొదటి సెమిస్టర్ నుంచీ ఇలాగే రాస్తున్నాం కానీ, ఎందుకని అడిగితే చాలామంది ఆగిపోతారు. ఆ ప్రశ్నతోనే మొదలుపెడదాం.

సి భాషలో ఫంక్షన్‌ను కాల్ చేస్తే, మనమిచ్చిన విలువ కాపీ అయి లోపలికి వెళ్తుంది. మెయిన్ ఫంక్షన్‌లో 'మార్కులు' అనే ఇంట్‌లో (పూర్ణాంకం ఉంచే వేరియబుల్‌లో) 35 ఉందనుకోండి. కలుపు(మార్కులు) అని కాల్ చేశాం. లోపల ఆ కాపీ పేరు ఎం అనుకుని, ఎం = ఎం + 5 అని రాశాం. ఎం 40 అవుతుంది. ఫంక్షన్ ముగియగానే ఆ ఎం పోతుంది. మెయిన్‌లో మార్కులు 35 గానే ఉంటాయి. కంపైలర్ ఎర్రర్ చూపించదు, ఎందుకంటే భాష ప్రకారం ఇందులో తప్పేమీ లేదు.

ఇప్పుడు పారామీటర్‌ను ఇంట్ *పి అని మార్చి, లోపల *పి = *పి + 5 అని రాసి, కలుపు(&మార్కులు) అని కాల్ చేద్దాం. పేరు ముందున్న ఆ గుర్తు వేరియబుల్ అడ్రస్‌ను ఇస్తుంది, *పి అంటే ఆ అడ్రస్‌లో ఉన్న విలువ. మార్కులు 40 అవుతాయి. ఈసారీ వెళ్లింది కాపీనే, కాకపోతే అడ్రస్ కాపీ. ఇంటి అడ్రస్‌ను ఇంకో చీటీ మీద రాసిచ్చినా, ఆ చీటీ పట్టుకుని వెళ్లినవాళ్లు చేరేది అదే ఇంటికి కదా. ప్రింట్‌ఎఫ్‌కు విలువ చూపిస్తే చాలు, కాపీ సరిపోతుంది. స్కాన్‌ఎఫ్ మన వేరియబుల్‌లో విలువ పెట్టాలి, కాబట్టి దానికి అడ్రస్ కావాలి.

సి లో కాల్ బై వాల్యూ, కాల్ బై రిఫరెన్స్ అని రెండు పద్ధతులున్నాయని పరీక్షల్లో రాస్తుంటాం. సి లో ఉన్నది మొదటిదే. రెండోది సి++ లో ఉంది. ఇది చిన్న తేడా అని వదిలేస్తే లింక్డ్ లిస్ట్ దగ్గర పట్టుబడతాం.

లింక్డ్ లిస్ట్ అంటే ఒక్కో నోడ్ తన తర్వాతి నోడ్ అడ్రస్ పట్టుకుని ఉండే జాబితా, మొదటి నోడ్ అడ్రస్ ఉండేది హెడ్‌లో. లిస్ట్ మొదట్లో కొత్త నోడ్ చేర్చే ఫంక్షన్ తీసుకోండి. హెడ్‌ను నోడ్ *హెడ్ అని తీసుకుని, చివర్లో హెడ్ = కొత్త అని రాస్తాం. ప్రోగ్రామ్ రన్ చేస్తే లిస్ట్ ఖాళీ! పాయింటర్ (అడ్రస్ ఉంచే వేరియబుల్) ఇచ్చాం కదా, ఎందుకు మారలేదని టెన్షన్ మొదలవుతుంది. ఫంక్షన్ తన చీటీ మీది అడ్రస్ కొట్టేసి కొత్తది రాసుకుంది. మెయిన్ దగ్గరున్న చీటీ అలాగే ఉంది. హెడ్ కూడా ఒక వేరియబులే. దాన్ని మార్చాలంటే దాని అడ్రస్ ఇవ్వాలి. అందుకే నోడ్ **హెడ్ అని తీసుకుని, *హెడ్ = కొత్త అని రాసి, మెయిన్ నుంచి &హెడ్ ఇస్తాం. రెండు నక్షత్రాలను చూసి భయపడక్కర్లేదు. ఇంట్‌ను మార్చడానికి ఇంట్ *, నోడ్ *ను మార్చడానికి నోడ్ **. స్టాండర్డ్ లైబ్రరీలో స్ట్రింగ్‌లోని అంకెలను సంఖ్యగా మార్చే స్ట్ర్‌టోల్ రెండో పారామీటర్ క్యార్ **  గా ఉండటానికీ కారణం ఇదే. అంకెలు ఎక్కడ ఆగిపోయాయో మన పాయింటర్‌లో రాసిపెట్టాలి కదా.

కొత్త హెడ్‌ను రిటర్న్ చేసే పద్ధతీ ఉంది, అదీ సరైనదే. అయితే కాల్ చేసినవాళ్లు ఆ విలువను తిరిగి హెడ్‌లో పెట్టడం మర్చిపోతే కొత్త నోడ్ చేజారిపోతుంది. అందుకే నాకు రెండు నక్షత్రాల పద్ధతే ఇష్టం.

నిజానికి ఈ & గుర్తు మనకు ఎంతో మేలు చేస్తుంది. ఫోర్‌ట్రాన్‌లో సబ్‌రొటీన్ లోపల మారిస్తే బయటి వేరియబుల్ కూడా మారిపోవచ్చు, కాల్ చేసిన లైన్ చూసి అది తెలుసుకోలేం. సి లో మెయిన్ లోపలే ప్రకటించి, అడ్రస్ ఇంకెక్కడా ఇవ్వని మామూలు ఇంట్ ముందు & లేకపోతే, ఆ కాల్ దాన్ని మార్చలేదని ధైర్యంగా చెప్పొచ్చు. అర్రేల విషయం వేరు. అర్రే పేరు ఇస్తే దాని మొదటి ఎలిమెంట్ అడ్రస్ వెళ్తుంది, కాబట్టి & లేకుండానే లోపలి విలువలు మారతాయి. స్కాన్‌ఎఫ్‌లో స్ట్రింగ్ చదివేటప్పుడు & పెట్టకపోవడానికి కారణం అదే.

పెద్ద స్ట్రక్చర్‌ను కాపీ చేయడం ఎందుకని, చదవడానికి మాత్రమే అడ్రస్ ఇస్తున్నారా? పారామీటర్‌కు కాన్‌స్ట్ పెట్టండి. లోపల పొరపాటున *పి = అని రాస్తే కంపైలరే ఆపేస్తుంది. వార్నింగులు ఆన్ చేసి కంపైల్ చేయండి, స్కాన్‌ఎఫ్‌లో & మర్చిపోయినా అక్కడే తెలిసిపోతుంది.