కట్టే ముందు ఆగస్టు దాకా ఆగాలి

అందరికీ నమస్కారమండి. నేను అమెరికాలో కొలరాడో రాష్ట్రంలోని డెన్వర్ చుట్టుపక్కల ఎన్విరాన్‌మెంటల్ కన్సల్టెంట్‌గా చేస్తుంటాను, అంటే వాగు పక్కన ఎవరైనా రోడ్డో బ్రిడ్జో ఇళ్లో కట్టాలనుకుంటే ముందు ఆ నేల మీద ఏమేం బతుకుతున్నాయో చూసి రిపోర్ట్ రాసిచ్చే పని. ఈరోజు ఒక్క మొక్క గురించే చెప్తాను, యూట్ లేడీస్ ట్రెస్సెస్ అనే ఆర్కిడ్.

ఆర్కిడ్ అనగానే షాపులో కుండీల్లో పెట్టే ఊదారంగు పూలు అనుకుంటాం కదా, ఇది అలా ఉండదు. జానెడు నుంచి మూరెడు కాడ, దాని చుట్టూ మెలి తిరుగుతూ చిన్న చిన్న తెల్ల పూలు, అంతే. పూత లేనప్పుడు గడ్డిలో కలిసిపోతుంది, పక్కనే నిలబడినా కనపడదు. 1984లో షెవియాక్ అనే బాటనిస్ట్ దీన్ని కొత్త జాతిగా వర్ణించాడు, 1992లో ఫెడరల్ గవర్నమెంట్, అంటే అమెరికా కేంద్ర ప్రభుత్వం, థ్రెటెన్డ్ లిస్టులో, అంటే ముప్పులో ఉన్న జాతుల జాబితాలో పెట్టింది.

దీనికి కావాల్సింది వరద వచ్చిపోయే చోటు. ఇసుకా కంకరా మేట వేసిన నేల, వేసవంతా అడుగున తడి, పైన ఎండ. మన గోదావరి లంకలు చూసినవాళ్లకి వెంటనే అర్థమవుతుంది, ఒకచోట కోసుకుపోయి ఇంకోచోట మేట వేస్తుంటుంది కదా, ఈ మొక్క కూడా వాగు కదిలేకొద్దీ అలా కదులుతుంటుంది. డ్యాములు కట్టి వరద ఆపేస్తే పొదలు పెరిగి నీడ కమ్మేస్తుంది, ఇక ఇది పోతుంది. తమాషా ఏంటంటే డెన్వర్ పక్కనే ఉన్న బౌల్డర్ ఊరి దగ్గర కాలవ నీళ్లు పెట్టి గడ్డి కోసి పశువుల్ని మేపే బీళ్లలో బాగానే వస్తుంది, అంటే మనుషులు అడుగుపెట్టకపోతేనే బాగుంటుందనే రకం కాదన్నమాట.

ఇక సర్వే. మా వైపు జులై మూడో వారం నుంచి ఆగస్టు చివరిదాకానే టైము, పూలుంటేనే గుర్తుపట్టగలం కాబట్టి. ముందు తెలిసిన చోటికెళ్లి అక్కడ పూసిందో లేదో చూసుకుంటాం, అక్కడే పూయకపోతే మన సైట్‌లో వెతికి లాభం లేదు. తర్వాత తడి నేలంతా పక్కపక్కనే వరసలుగా నడవడం, కనపడిన చోట జెండా గుచ్చి జీపీఎస్ పాయింట్ తీసుకోవడం, దోమలు ఫ్రీ. దీని చుట్టం ఇంకో తెల్ల ఆర్కిడ్ ఉంది, దాని రేకులు గొడుగులా కలిసిపోయి ఉంటాయి, దీనివి విడివిడిగా తెరుచుకుని ఉంటాయి.

అసలు తలనొప్పి ఏంటంటే ఇది ప్రతి ఏడాదీ పైకి రాదు, దుంప వేళ్లతో భూమిలోనే ఉండిపోగలదు. బౌల్డర్‌లో ఒకే బీడులో 1986లో ఐదు వేలకు పైగా పూసినవి, మరుసటేడు రెండొందలే. కాబట్టి ఒక ఏడు కనపడలేదంటే లేదని కాదు, అందుకే చాలాసార్లు వరసగా మూడేళ్లు చూడమంటారు. ఈ మాట చెప్పగానే బిల్డర్ మొహం చూడాలి!

తీసి వేరేచోట నాటేస్తే సరిపోదా అని అడుగుతారు. నాటినా, కొత్త చోట దీని విత్తనం మొలవాలంటే నేలలో ఒక ఫంగస్ తోడుండాలి, అది అంత ఈజీగా కుదిరే పని కాదు.

ముప్పులో ఉన్న జాతుల్ని కాపాడే ఫెడరల్ చట్టంలో ఇంకో సంగతి, జంతువులకున్నంత రక్షణ మొక్కలకి లేదు. సొంత స్థలంలో సొంత డబ్బుతో, ఫెడరల్ పర్మిట్ అక్కర్లేకుండా కట్టుకుంటే ఫెడరల్ చట్టం ఆపదు. చిత్తడి నేల పూడ్చడానికి ఆర్మీ కోర్ దగ్గర, అంటే ఆ పర్మిట్లిచ్చే ఫెడరల్ సంస్థ దగ్గర, పర్మిట్ కావాల్సి వస్తే మా అవసరం పడుతుంది. 2023లో సాకెట్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు తీర్పు తర్వాత ఆ పర్మిట్ కిందకొచ్చే చిత్తడి నేలలే తగ్గిపోయినయ్, అంటే ఎవరూ చూడకుండానే పూడిపోయేవి ఇక ఎక్కువవుతాయి, నాకైతే ఇదే భయం.

2025 జనవరిలో దీన్ని లిస్టులోంచి తీసేద్దామని ప్రతిపాదన వచ్చింది, ఎందుకంటే 1992లో అనుకున్నదానికన్నా చాలా చోట్ల దొరికింది. ఎలా దొరికింది? లిస్టులో ఉంది కాబట్టి జనం వెతికారు, వెతికితే దొరికింది. తీసేశాక వెతకడానికి డబ్బులెవరిస్తారో నాకైతే తెలీదు.

మీలో ఎవరైనా క్రీక్ పక్కన ల్యాండ్ కొని కట్టే ఆలోచనలో ఉంటే, పర్మిట్ పడుతుందేమో ముందే కనుక్కోండి. అక్టోబర్లో ఫోన్ చేస్తే నేను చేసేదేం లేదు, మళ్లీ జులైకే.