మాటలు వినపడవు, పాటలు మాత్రం అదురుతాయి: ఎఫ్ఎఫ్ఎంపెగ్‌తో 5.1 ఆడియో విప్పి చూద్దాం

[హాల్లో టీవీ. ఫైట్ సీను మోగుతోంది. ఒక చెయ్యి రిమోట్ కోసం వెతుకుతోంది.]

నమస్కారం, ఒంగోలు నుంచి. ఇక్కడ ఇళ్లల్లో సౌండ్ సిస్టమ్‌లు బిగించేవాళ్లకు తరచూ ఎదురయ్యే గొడవ ఇది. "అన్నా, పాటొస్తే పక్కింటోళ్లు తలుపు కొడతన్నారు. మాటలొస్తే ఏందో గొణుగుతున్నట్టుంది." స్పీకర్లు మార్చినా చాలాసార్లు గొడవ తీరదు. ఇంట్లో ఉన్నవి రెండు స్పీకర్లు, సినిమా ఫైల్లో ఉన్నవి ఆరు ఛానళ్లు, అంటే ఆరు స్పీకర్లకు విడివిడిగా పంపే శబ్దాలు. 5.1 అంటే ఇదే: ఐదు మామూలువి, ఒకటి సబ్ వూఫర్‌ది. అసలు విషయం అక్కడుంది.

[నల్ల టెర్మినల్. ఎఫ్ఎఫ్‌ప్రోబ్ ఫలితంలో ఆడియో లైను చుట్టూ ఎర్ర గీత.]

ఎఫ్ఎఫ్ఎంపెగ్ అంటే ఆడియో, వీడియో ఫైళ్లను మార్చే సాఫ్ట్‌వేర్. ఉచితం, ఓపెన్ సోర్స్. 2000లో ఫాబ్రీస్ బెల్లార్ మొదలుపెట్టారు. బటన్లు ఉండవు, టైప్ చేయాల్సిందే. దాంతోపాటు వచ్చే ఎఫ్ఎఫ్‌ప్రోబ్‌కు ఫైలు పేరు ఇస్తే లోపల ఏముందో చెబుతుంది. ఈ సినిమా ఫైల్లో ఆడియో ఇలా ఉంది: ఏసీ-3, అంటే డాల్బీ డిజిటల్ అనే కుదించిన ఆడియో, 48,000 హెర్ట్జ్, 5.1, సెకనుకు 448 కిలోబిట్లు. కుదించకుండా 16 బిట్లలో పెడితే ఇదే ఆడియోకి 4,608 కిలోబిట్లు పట్టేది.

ఇప్పుడు విప్పుదాం. ఎఫ్ఎఫ్ఎంపెగ్, మైనస్ ఐ, ఫైలు పేరు, చివర అవుట్ డాట్ ఫ్లాక్. అంతే.

ఫ్లాక్ అంటే నాణ్యత పోకుండా కుదించే ఆడియో ఫైలు. అందరూ వాడే వేవ్ కాకుండా ఇదే ఎందుకంటే, మామూలు వేవ్ ఫైలు 4 జీబీ దాటలేదు. ఆరు ఛానళ్లయితే రెండు గంటల నాలుగు నిమిషాలకే ఆ హద్దు వచ్చేస్తుంది. మన సినిమా రెండున్నర గంటలాయె! క్లైమాక్స్ దగ్గర పేచీ తప్పదు. వేవే కావాలంటే, 4 జీబీ దాటనిచ్చే ఆర్ఎఫ్64 ఆప్షన్‌ను ఆటో అని పెట్టండి.

[ఆడాసిటీ అనే ఆడియో ఎడిటర్‌లో ఒకదాని కింద ఒకటి ఆరు ట్రాకులు.]

వరుసగా ఎడమ, కుడి, మధ్య, సబ్ వూఫర్, ఎడమ సరౌండ్, కుడి సరౌండ్. మూడోది ఒక్కటే ఉంచి మిగతావి మ్యూట్ చేస్తున్నా, వినండి.

[ఐదు సెకన్లు: సంభాషణ మాత్రమే.]

ప్రతి అక్షరం స్పష్టంగా ఉంది కదా! రికార్డింగ్‌లో తప్పేం లేదు. ఆరింటిని రెండుగా కలిపేటప్పుడు ఈ మధ్య ఛానల్‌ను తగ్గించి రెండు పక్కలా పంచుతారు. ఎంత తగ్గించాలో ఏసీ-3 ఫైల్లోనే రాసి ఉంటుంది: 3, 4.5, 6 డెసిబెల్స్‌లో ఏదో ఒకటి. పక్క ఛానళ్లలోని సంగీతం మాత్రం తగ్గకుండా వచ్చి దాని మీద పడుతుంది. సరౌండ్ కూడా వచ్చి చేరుతుంది. సబ్ వూఫర్‌ను ఎఫ్ఎఫ్ఎంపెగ్ మామూలుగా వదిలేస్తుంది.

అందుకని పాళ్లు మనమే చెబుదాం. దీనికి పాన్ అనే ఫిల్టర్ ఉంది. ఎడమ స్పీకర్‌కు: మధ్య ఛానల్ 1, ఎడమ 0.5, ఎడమ సరౌండ్ 0.3. కుడికీ ఇలాగే. ఈ అంకెలు నా చెవికి నచ్చినవి, మీ గదికి తగ్గట్టు మార్చుకోండి. ఒక్క జాగ్రత్త. ఈక్వల్ గుర్తు పెడితే మొత్తం 1.8 అయి, పెద్ద శబ్దాలు పగిలే ప్రమాదం ఉంది. దాని బదులు లెస్ దాన్ గుర్తు పెడితే మొత్తాన్ని 1కి సరిచేస్తుంది. పాన్ భాగం మొత్తాన్ని కొటేషన్ గుర్తుల మధ్య పెట్టండి, లేకపోతే టెర్మినల్ ఆ గుర్తును వేరేలా అర్థం చేసుకుంటుంది.

ఇంకోటి. పెద్ద శబ్దాలను తగ్గించి చిన్నవాటిని పెంచే సూచనలు ఏసీ-3లోనే ఉంటాయి, ఎఫ్ఎఫ్ఎంపెగ్ వాటిని అడక్కుండానే పాటిస్తుంది. థియేటర్‌లాగా ఎగుడుదిగుడుగా కావాలంటే, ఆ సూచనలను ఆపేసేలా డీఆర్‌సీ స్కేల్ 0 అని మైనస్ ఐ కంటే ముందు రాయాలి. తర్వాత రాస్తే పనిచేయదు. రాత్రిపూట టీవీ చూసే ఇంట్లో మాత్రం దాని జోలికి పోకండి.

[పూర్తి కమాండ్ తెర నిండా.]

వీడియోను కాపీ అని ఇచ్చి, ఆడియోను ఏఏసీ అనే మరో కుదించిన రకంగా మారిస్తే బొమ్మలో ఏ తేడా రాదు, పని కూడా తొందరగా అవుతుంది. కమాండ్ ఇదిగో, పాజ్ చేసి రాసుకోండి.