పాత కారులో టైమింగ్ బెల్టు, ఆయిల్ సీళ్లు కలిపి మార్చే పద్ధతి

అందరికీ నమస్కారం. ఈ వీడియోలో పాత పెట్రోలు ఇంజినుకు టైమింగ్ బెల్టునూ, దాని వెనుక ఉండే క్యామ్ (వాల్వులను తెరిచే షాఫ్టు) సీలునూ, క్రాంక్ (పిస్టన్లు తిప్పే షాఫ్టు) సీలునూ, అంటే ఆ షాఫ్టుల చుట్టూ ఆయిల్ కారకుండా ఆపే రింగులను, ఒకే విడతలో ఎలా మార్చాలో చూద్దాం. ఒకే విడతలో అని ఎందుకంటున్నానంటే, సీలు నుంచి కారే ఆయిల్ రబ్బరు బెల్టును పాడుచేస్తుంది కాబట్టి, పాత సీళ్లు అలాగే ఉంచి వేసిన కొత్త బెల్టు ఎక్కువ కాలం మన్నదు.

క్రాంక్ రెండు చుట్లు తిరిగేసరికి క్యామ్ సరిగ్గా ఒక్క చుట్టు తిరగాలి. ఆ లెక్క తప్పకుండా చూసేది ఈ బెల్టే. ఇంటర్‌ఫియరెన్స్ ఇంజినులో, అంటే పిస్టనూ తెరిచిన వాల్వూ ఒకే చోటికి వచ్చే ఇంజినులో, బెల్టు తెగితే, పైకి వచ్చే పిస్టన్ తెరిచి ఉన్న వాల్వును గుద్ది వంచేస్తుంది. అందుకే మాన్యువల్‌లో ఇచ్చిన కిలోమీటర్లు, సంవత్సరాలు, ఈ రెండింటిలో ఏది ముందు పూర్తయితే అప్పుడే మార్చాలి.

ఇంజిను చల్లగా ఉంది, బ్యాటరీ నెగటివ్ వైరు తీశాను, ముందు చక్రం విప్పి కారును స్టాండ్ల మీద నిలిపాను. జాకీ ఒక్కదాన్నే నమ్మి కారు కింద చేతులు పెట్టకండి. ఫ్యాన్ బెల్టు, క్రాంక్ పుల్లీ, ప్లాస్టిక్ కవర్లు తీయడం తెర మీద చూస్తూనే ఉన్నారు.

ఇప్పుడు క్రాంక్ బోల్టుకు సాకెట్ పెట్టి, ఇంజిను తిరిగే దిశలోనే నెమ్మదిగా తిప్పుతూ, ఒకటో సిలిండర్ పిస్టన్‌ను కంప్రెషన్‌లో పైకొసకు తెస్తున్నాను. ఇదిగో, క్యామ్ గుర్తు ఇక్కడ, క్రాంక్ గుర్తు ఇక్కడ, రెండూ కలిశాయి. వీటికి తోడు నేను ఎప్పుడూ తెల్ల పెయింటు పెన్నుతో పాత బెల్టు మీదా, పళ్ల చక్రాల మీదా గీతలు పెట్టుకుని, మధ్యలోని పళ్లు లెక్కపెట్టి, ఆ గీతలనే కొత్త బెల్టు మీదికి ఎక్కించుకుంటాను. మసక వెలుతురులో ఫ్యాక్టరీ గుర్తుల కన్నా ఇవే బాగా కనిపిస్తాయి. బెల్టును బిగుతుగా ఉంచే చక్రం, అంటే టెన్షనర్, వదులు చేసి బెల్టు తీశాక, క్యామ్‌ను గానీ క్రాంక్‌ను గానీ విడిగా తిప్పకండి.

ఇక సీళ్లు. ఇక్కడ దయచేసి తొందరపడకండి, ఎందుకంటే నేను మొదటిసారి పొరపాటు చేసింది ఇక్కడే. కొత్త సీలును పొడిగా పెట్టి సుత్తితో ఒక పక్క నుంచి కొట్టాను. షాఫ్టుకు ఆనే లోపలి అంచు, అంటే లిప్, మడతపడింది, దాని చుట్టూ ఉండే సన్నని స్ప్రింగు జారిపోయింది, కొన్ని రోజులకే కొత్త బెల్టు మొత్తం ఆయిల్‌లో తడిసి, అంతా మళ్లీ విప్పాల్సి వచ్చింది. అందుకే ముందు పాత సీలును షాఫ్టుకు గీత పడకుండా తీయండి. స్క్రూడ్రైవరు మొనకు టేపు చుట్టితే మంచిది. తరువాత షాఫ్టు మీద గోటితో అడ్డంగా గీరి చూడండి. పాత లిప్ ఆనిన చోట గాడి తగిలితే, కొత్త సీలును పాతదాని కన్నా సుమారు ఒక మిల్లీమీటరు బయటికి ఉంచండి. అప్పుడు లిప్ నున్నని చోట ఆనుతుంది. స్ప్రింగు ఉన్న వైపు లోపలికి, అంటే ఆయిల్ వైపుకు, ఉండాలి. మామూలు రబ్బరు సీలు లిప్‌కు శుభ్రమైన ఇంజిన్ ఆయిల్ రాయండి. టెఫ్లాన్ లిప్ ఉన్న సీలైతే చాలావరకు పొడిగానే ఎక్కించాలి, ప్యాకెట్ మీది సూచన చదవండి. సీలు అంచుకు సరిపడే సాకెట్ గానీ పైపు ముక్క గానీ ఆనించి, చుట్టూ సమంగా, సమంగా దిగేలా నెమ్మదిగా తట్టండి. చూశారా, ఒక పక్క ముందుకు పోలేదు.

ఒక్క మాట. ఇంజిను అడుగు భాగమైన క్రాంక్ కేసులోని వాయువులను బయటికి లాగే పీసీవీ వాల్వు మూసుకుపోతే క్రాంక్ కేసులో ఒత్తిడి పెరిగి కొత్త సీళ్ల నుంచి కూడా ఆయిల్ బయటికి వస్తుంది, కాబట్టి దాన్నీ ఇప్పుడే చూసుకోండి.

టెన్షనర్, ఐడ్లర్ (బెల్టుకు దారి చూపే చక్రం) బేరింగులు కొత్తవి వేశాను; ఈ బెల్టుతోనే తిరిగే వాటర్ పంపునూ మార్చాను. బెల్టును మడవకుండా, క్రాంక్ దగ్గర మొదలుపెట్టి, టెన్షనర్ లేని వైపు బిగుతుగా పట్టి ఎక్కించండి. వదులంతా టెన్షనర్ వైపే మిగలాలి. టెన్షనర్‌ను మాన్యువల్ చెప్పినంత బిగించాక, క్రాంక్‌ను చేత్తోనే పూర్తిగా రెండు చుట్లు తిప్పి గుర్తులు మళ్లీ చూడండి. మధ్యలో గట్టిగా అడ్డు తగిలితే బలవంతం చేయకండి, అక్కడే ఆగండి. ఒక్క పన్ను తేడా ఉన్నా బెల్టు తీసి మళ్లీ వేయాల్సిందే.

కవర్లు, పుల్లీ బిగించి, క్రాంక్ బోల్టును టార్క్ రెంచ్‌తో మాన్యువల్‌లోని అంకెకు బిగించాను. కూలెంట్ నింపి, గాలి తీసి, బ్యాటరీ వైరు కలిపి స్టార్టు చేస్తున్నాను. ఇంజిను బాగా వేడెక్కాక ఆపి, టార్చి వేసి కవరు అడుగు అంచు చూడండి. ఇది పొడిగా ఉంది.