కత్తి ఎవరి చేతికిస్తున్నారు?

శ్రోతలకు నమస్కారం. చెన్నైలో ఉంటున్న మనకు సెంట్రల్ స్టేషన్ ఎదుట ఉన్న జనరల్ ఆస్పత్రి తెలియనిది కాదు. దాన్ని ఆనుకునే మద్రాసు మెడికల్ కాలేజీ. 1875లోనే ఆడవాళ్లను చేర్చుకున్న కాలేజీ అది. అక్కడ మెదడు ఆపరేషన్లు చేసిన డాక్టర్ టి.ఎస్. కనక గారి గురించి ఇవాళ చెప్పాలి.

ఆవిడ 1963లో సర్జరీలో ఎం.ఎస్., 1968లో న్యూరోసర్జరీలో, అంటే మెదడు, నరాల ఆపరేషన్లలో, ఎం.సి.హెచ్. అనే పై డిగ్రీ పూర్తిచేశారు. ఆసియా మొత్తం వెతికినా మెదడుకు ఆపరేషన్ చేసే ఆడ డాక్టర్లు అరుదుగా కనిపించే రోజులవి. చైనా యుద్ధకాలంలో సైన్యంలో పనిచేసినావిడ. అయినా శిక్షణ మొదట్లో రౌండ్స్‌కి పంపేవారు, ఎమర్జెన్సీ ఆపరేషన్లకు మాత్రం పక్కన పెట్టేవారు. వార్డులోకి రావచ్చు, ఆపరేషన్ థియేటర్‌లోకి వద్దు. పనితనం చూశాక తోటివాళ్ల తీరు మారింది. న్యూరోసర్జన్ డాక్టర్ బి. రామమూర్తి గారి బృందంలో ఆవిడ స్టీరియోటాక్టిక్ సర్జరీలో ఆరితేరారు. రోగి తలకు చట్రం బిగించి, కొలతలు వేసుకుని, చిన్న రంధ్రం గుండా సన్నని పరికరాన్ని మెదడులో అనుకున్న చోటికే చేర్చాలి. అక్కడ వెంట్రుకవాసి తేడా వచ్చినా ప్రమాదమే. ఆ పని కనక గారు చేశారు.

మరి ఇప్పుడో? మా అక్క కూతురు ఈ ఊళ్లోనే ఒక ఆస్పత్రిలో సర్జరీ పి.జి. చేస్తోంది. మొన్న తన లాగ్‌బుక్, అంటే ఏ ఆపరేషన్‌లో ఏం చేసిందో రాసుకునే పుస్తకం, చూపించింది. పేజీ తర్వాత పేజీ ‘అసిస్టెడ్’, ‘అసిస్టెడ్’. అంటే పక్కన నిలబడి సాయం చేసిందని. "కోసిన చోటు మూసుకుపోకుండా పట్టి ఉంచే రిట్రాక్టర్ పట్టుకుని గంటలకొద్దీ నిలబడతాను పిన్నీ. కత్తి మాత్రం పక్కనున్న అబ్బాయి చేతికిస్తారు" అంది. నాకు కడుపు తరుక్కుపోయింది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం వైద్యరంగంలో పనిచేసేవాళ్లలో పదింట ఏడుగురు ఆడవాళ్లే. పెద్ద పదవుల్లో మాత్రం పావువంతు. ఈ తేడా కుర్చీ దగ్గర మొదలవదని నా నమ్మకం. థియేటర్‌లో మొదలవుతుంది. కేసులు చేయనివ్వకపోతే చెయ్యి తిరగదు. చెయ్యి తిరగకపోతే సర్జన్ల బృందానికి పెద్దగా, యూనిట్ చీఫ్‌గా ఎవరు పెడతారు?

అందుకే యూనిట్ చీఫ్‌లకు ఒక్కటే మనవి. నెలాఖరున మీ పి.జి.ల లాగ్‌బుక్‌లన్నీ ఒకే బల్ల మీద పరిచి చూడండి. ఎవరు ఎన్ని కేసులు సొంతంగా చేశారో, ఎవరు ఎన్నింటికి పక్కన నిలబడ్డారో లెక్క వేయండి. తేడా కనిపిస్తే వచ్చే నెల కేసులు వంతులవారీగా పంచి, ఆ జాబితా థియేటర్ తలుపు మీద అంటించండి. ఎమర్జెన్సీ కేసులు కూడా.