నడుము నొప్పికి చేతి వైద్యం: కైరోప్రాక్టిక్ ఎంతవరకు?

శ్రోతలకు నమస్కారం. పత్తి ఏరే రోజుల్లో వరంగల్ చుట్టుపక్కల పల్లెల్లో పొద్దుగూకే వేళకు నడుము పట్టుకోకుండా ఇల్లు చేరే ఆడవాళ్ళు అరుదు. ఎనుమాముల మార్కెట్‌లో బస్తాలు మోసే హమాలీలు, కొత్తవాడలో గుంటమగ్గం మీద జంపఖానాలు నేసే నేతన్నలు, జగిత్యాల, నిజామాబాద్ వైపు ఒళ్ళో చాట పెట్టుకుని గంటల తరబడి వంగి బీడీలు చుట్టే అక్కలు, వీరందరికీ ఈ బాధ తెలుసు. 2020లో ప్రపంచవ్యాప్తంగా దాదాపు 61 కోట్ల 90 లక్షల మందికి నడుము నొప్పి ఉన్నదని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క చెబుతున్నది.

ఈ నొప్పికి మందు లేకుండా, కత్తి పెట్టకుండా, వెన్నుపూసలను, కీళ్ళను చేతులతో సర్దే వైద్యంగా కైరోప్రాక్టిక్ పేరు ఈ మధ్య మన దాకా వచ్చింది. ఫోన్లలో తిరిగే వీడియోలలో మెడను గిరుక్కున తిప్పగానే వినిపించే 'టక్' శబ్దమే చాలామందికి దాని పరిచయం. 1895లో అమెరికాలోని డావెన్‌పోర్ట్ పట్టణంలో డేనియల్ డేవిడ్ పామర్ అనే ఆయన దీన్ని మొదలుపెట్టారు. వెన్నుపూసలు తప్పడం వల్లనే చాలా రోగాలు పుడతాయన్న ఆయన వాదం శాస్త్రపరీక్షకు నిలవలేదు గాని, నడుము నొప్పి విషయంలో చేతి వైద్యానికి కొంత స్థానం మిగిలింది. మన దగ్గరా క్షౌరశాలలో మెడ విరిపించుకోవడం, నడుము పట్టేస్తే ఎదురుకాళ్ళతో పుట్టినవారితో తొక్కించుకోవడం తాతల నాటి నుంచి ఉన్నవే.

ఆ శబ్దం గురించి ఒక మాట చెప్పాలి. తప్పిన ఎముక తిరిగి చోటులో కూర్చున్నందువల్ల అది వస్తుందని అనుకుంటారు. నిజానికి కీలు లోపల జిగటద్రవం ఉంటుంది. కీలు హఠాత్తుగా సాగినప్పుడు అందులో వాయువుతో ఖాళీ ఏర్పడుతుంది, మెటికలు విరిచినప్పుడు జరిగేదీ అదే. కాబట్టి శబ్దం వచ్చినంత మాత్రాన వైద్యం ఫలించిందనీ, రాకపోతే వృథా అయిందనీ అనుకోనక్కరలేదు.

మరి దీనితో ఉపశమనం ఉంటుందా? కొందరికి కొంత ఉంటుంది. మూడు నెలలకు మించిన నడుము నొప్పి గురించి ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో ఇచ్చిన మార్గదర్శకాలలో వ్యాయామం, నొప్పి గురించిన అవగాహన, మర్దనతో పాటు వెన్నుపూసలను చేతితో సర్దే చికిత్సను కూడా పేర్కొన్నది, అయితే ఆధారాల బలం తక్కువేనని కూడా చెప్పింది. నడుముకు బెల్టులు కట్టడాన్నీ, బరువులు వేలాడదీసి లాగడాన్నీ అదే పత్రం వద్దన్నది. నా దృష్టిలో చేతి వైద్యం ఇచ్చే సుఖం కదలికకు దొరికిన అవకాశం మాత్రమే. ఆ నాలుగు రోజులలో నడక, వీపు, పొట్ట కండరాలను బలపరిచే వ్యాయామాలు మొదలుపెట్టనివారికి నొప్పి తిరిగి వస్తుంది, వారు మళ్ళీ డబ్బు కట్టవలసి వస్తుంది. ఏడాది పొడవునా వారం వారం రావాలనేవారిని, షుగర్, ఆస్తమా కూడా వెన్ను సర్ది తగ్గిస్తామనేవారిని నమ్మకండి.

మన దేశంలో కైరోప్రాక్టర్లకు వైద్యులకు ఉన్నట్టు చట్టబద్ధమైన మండలి లేదు కాబట్టి, మీ వెన్ను మీద చేయి వేసేవారు ఎక్కడ, ఎన్నేళ్ళు చదివారో అడగడం మీ హక్కు. ముందు పరీక్షించకుండా, పాత జబ్బుల గురించి అడగకుండా పని మొదలుపెట్టేవారి దగ్గర నుంచి లేచి రండి. ఎముకలు గుల్లబారినవారు, రక్తం పలుచబడే మందులు వాడేవారు, కీళ్ళవాతంతో మెడ పాడైనవారు, క్యాన్సర్ ఉన్నవారు ఈ చికిత్సకు దూరంగా ఉండాలి. వెన్నుకు క్షయ సోకినా మొదట్లో మామూలు నడుము నొప్పిలాగే కనిపిస్తుంది. సాయంత్రం జ్వరం, బరువు తగ్గడం, రాత్రి పడుకున్నా తగ్గని నొప్పి ఉంటే ముందు వైద్యుని చూడాలి. చికిత్స తర్వాత ఒకటి రెండు రోజులు ఒళ్ళు నొప్పులు ఉండడం సహజమే. మెడ విషయంలో మాత్రం గట్టిగా చెబుతున్నాను: మెదడుకు రక్తం తీసుకువెళ్ళే ధమనులు మెడపూసల గుండా పోతాయి, హఠాత్తుగా తిప్పినప్పుడు అవి చిరిగి పక్షవాతం రావడం అరుదే అయినా జరిగింది. క్షౌరశాలలో మర్దన చేయించుకున్నా సరే, మెడ మాత్రం తిప్పవద్దని ముందే చెప్పండి.

నడుము నొప్పితో పాటు మూత్రం ఆగిపోయినా, తెలియకుండా జారిపోయినా, కూర్చునే చోట, తొడల మధ్య తిమ్మిరెక్కినా, పాదం పైకి లేవకపోయినా ఏ చేతి వైద్యమూ వద్దు. వెన్ను చివరి నరాల మీద పడిన ఆ ఒత్తిడిని శస్త్రచికిత్సతో తీయడం ఆలస్యమైతే మూత్రం మీద పట్టు శాశ్వతంగా పోవచ్చు. అందుకే తెల్లవారేదాకా ఆగకుండా, అర్ధరాత్రి అయినా సరే, ఎంజీఎం వంటి పెద్దాసుపత్రి అత్యవసర విభాగానికి చేరుకోవాలి.